ముప్పై ఏడో నంబరు

తల వంచండి.
గుమ్మం పొట్టిది, మా అమ్మమ్మ కొలతకి పెట్టింది.
ఎంతటి ఓడ కెప్టెనైనా ఇక్కడికొచ్చేసరికి
వంగి దండం పెట్టాల్సిందే.
టికెట్టు మూడు యూరోలు.
చిల్లర లేకపోతే వెళ్ళేటప్పుడు ఇవ్వండి.

కాళ్ళ కింద చూశారా,
నల్లవీ తెల్లవీ, సముద్రపు గులకరాళ్ళు.
అమ్మమ్మ పెళ్ళి కుదిరిన ఏడాది
వీధిలో ఆడవాళ్ళంతా ఒడినిండా ఏరుకొచ్చి
అంచుల మీద నిలబెట్టి పేర్చారు, పడుకోబెట్టలేదు.
అందుకే అరగలేదు.
ఆ మూల ఒక చేప ఉంది. తోక లేదు.
రాళ్ళు చాలలేదో, ఓపిక చాలలేదో.

ఆ ఎత్తు చెక్క అరుగు మీద
రాత్రిళ్ళు ఏడుగురం వరసగా పడుకునేవాళ్ళం,
పెద్దదాన్ని గనక నేను గోడవైపు.
మా కింద బార్లీ, ఉల్లి, ఎండు అంజూరాలు.
ఎలుక కదిలితే
ఎవరి కలలో కదిలిందో తెలిసేది కాదు.
ఇప్పుడు ముందు ఎర్రతాడు కట్టారు.
అది నాకూ వర్తిస్తుందట.

రోడ్స్ నుంచి థెయోని అనే అమ్మాయి వచ్చింది,
చేతులకి తెల్లటి తొడుగులు, చెవి వెనక పెన్సిలు.
తలుపు పక్కన చాకుమొనతో సున్నం గీకి
పొరలు లెక్కపెట్టింది.
తొంభై నాలుగు.
ఈస్టరుకి ఒక పూత, ఎవరి చావో పెళ్ళో ఉంటే ఇంకొకటి.
"ఇల్లు రెండు వేళ్ళు చిన్నదైందండీ" అంది.
ఇన్నాళ్ళూ
నేనే పెద్దదాన్నయ్యాననుకున్నాను.

తర్వాత నంబర్లు వేసింది.
రొట్టె ముద్ర పన్నెండు, మేక మెడగంట పదమూడు.
మగ్గం పందొమ్మిది.
దాని కర్ర పీకి మీనాస్ మామయ్య
మమ్మల్ని గాలిమర దాకా తరిమిన సంగతి
ఏ గడిలో రాయాలో పాపం ఆమెకి తోచలేదు.
"వాడుక" అన్న చోట "నేత" అని రాసింది.

ఇదీ పళ్ళేల గోడ.
తాత తెచ్చినవి, ఓడకొకటి, రేవుకొకటి.
పీతలు, తులిప్ పూలు, ఒక కోపిష్ఠి నెమలి.
వీటిలో ఎవరూ ఏనాడూ తినలేదు.
పైవరసలో ఒక ఖాళీ ఉంది, చూడండి.
"అలాంటి పళ్ళెమే మా గిడ్డంగిలో ఉంది, తగిలిద్దామా?"
వద్దన్నాను.
స్టూలెక్కి చెయ్యి పెట్టి చూడమన్నాను.

యుద్ధకాలం, ఆకలి చలికాలం.
అమ్మ ఆ పళ్ళేన్ని కొంగులో చుట్టుకుని రేవుకి దిగింది,
అరబస్తా బార్లీతో మెట్లెక్కింది.
నేనప్పుడు ఆమె కడుపులో ఉన్నాను.
కాబట్టి ఆ పళ్ళెంలో తిన్నది నేనొక్కదాన్నే అనుకోవాలి.
ఆ తర్వాత ప్రతి ఈస్టరుకీ
అమ్మ దాని చుట్టూనే సున్నం వేసింది,
పళ్ళెం ఇంకా అక్కడే ఉన్నట్టు,
కుంచె అంచుని దాటనివ్వకుండా.
తర్వాత నేనూ అంతే.
గోడ ముందుకొచ్చింది, అది మాత్రం రాలేదు.
వేలు లోతు గిన్నె అయింది.

థెయోని చాలాసేపు స్టూలు దిగలేదు.
తొడుగు తీసి, వట్టి చేత్తో ఇంకోసారి తడిమింది.
"ముప్పై ఏడు. ఖాళీ.
వ్యాసం ఇరవైమూడు సెంటీమీటర్లు.
పదార్థం...?"
బార్లీ అని రాయమన్నాను.
రాసింది.

పొయ్యి వెలిగించకూడదు, అదొక్కటే నాకు కష్టం.
సాయంత్రం ఆరైతే
ఈ ఇల్లు ఇంకా నా చేతులకేసి చూస్తుంది.
అగ్గిపెట్టె జేబులోనే ఉంటుంది.
తియ్యను.

పదండి, మూసే వేళయింది.
ఇదిగో తాళంచెవి, జానెడు ఇనుము, నంబరు ఒకటి.
మ్యూజియం వస్తువేదీ నేను ఇంటికి పట్టుకెళ్ళకూడదు.
అది రూలు, కింద నా సంతకం కూడా ఉంది.
అందుకని అమ్మ పెట్టినచోటే పెడతాను,
గుమ్మం పక్కన, ఆ రాయి వెనక.

మీరు చూశారు.
చూడలేదనుకోండి.
తల, తల జాగ్రత్త.